కొండ సరస్సుల యాత్రకు ఒక రోజు ఎక్కువ ఇవ్వండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో కాశ్మీరు సరస్సుల నడక గురించి ఇటీవల వచ్చిన వ్యాసాన్ని ఎంతో ఇష్టంగా చదివాను. విశన్‌సర్, కిషన్‌సర్, గడ్‌సర్, సత్‌సర్, గంగాబల్, నుంద్‌కోల్ అనే పేర్లను తెలుగు అక్షరాల్లో చూడడమే నాకు సంతోషం కలిగించింది. వాటిలో కొన్నింటి ఒడ్డున నేనూ నిలబడ్డాను కనుక, వ్యాసకర్త వర్ణించిన నీలిరంగు నీళ్ళలోనూ పూల మైదానాల్లోనూ అతిశయోక్తి ఏమీ లేదని సాక్ష్యం చెప్పగలను. అయితే ఆ నడకను ఆరు రోజుల్లో హాయిగా ముగించవచ్చని, ఆరోగ్యంగా ఉన్న యువతకు ఏ ఇబ్బందీ ఉండదని వ్యాసం చివర ఒక వాక్యం ఉంది. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం గురించే. అది చదివి వచ్చే జూలైకి టికెట్లు కొనుక్కునే పిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఎంతోమంది ఉంటారు, వారిని పంపే తల్లిదండ్రులు కూడా దానినే నమ్ముకుంటారు.

వ్యాసంలో మొత్తం దూరం సుమారు 70 కిలోమీటర్లని ఉంది, రోజుకు ఎంత నడవాలో ఉంది, ఖర్చు ఉంది, తీసుకెళ్ళవలసిన దుస్తుల వివరం కూడా ఉంది. ఏ రాత్రి ఎంత ఎత్తులో నిద్రపోవాలో మాత్రం ఎక్కడా లేదు. కొండల్లో మనిషిని ఇబ్బంది పెట్టేది నడిచిన దూరం కన్నా నిద్రపోయిన ఎత్తు. హైదరాబాదు సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది. ఉదయం అక్కడ విమానం ఎక్కి శ్రీనగర్‌లో దిగి, మరో 80 కిలోమీటర్లు వాహనంలో వెళితే ఆ రాత్రికి సోనామార్గ్ చేరతాం. అది సుమారు 2,700 మీటర్లు. మరునాడు పగలంతా ఎక్కి నిచ్‌నయి మైదానంలో టెంటు వేసుకునే చోటు సుమారు 3,500 మీటర్లు. మూడవ రోజు మధ్యాహ్నానికి దాటవలసిన నిచ్‌నయి కనుమ, అంటే కొండగట్టును దాటించే ఎత్తైన దారి, 4,000 మీటర్ల పైమాట. 3,000 మీటర్లు దాటిన తరువాత నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని, ప్రతి 1,000 మీటర్లకూ ఒక రోజు విశ్రాంతి తీసుకోవాలని పర్వత వైద్యులు చెబుతారు. ఆరు రోజుల పట్టికను ఈ సూత్రం పక్కన పెట్టి చూస్తే ఎక్కడ తేడా ఉందో హైస్కూలు పిల్లలకు కూడా తెలుస్తుంది.

మన తెలుగువారికి ఈ ఎత్తులు ఒక పట్టాన ఊహకు అందవు. చలికి పేరుపడ్డ మన అరకు సుమారు 900 మీటర్లు, లంబసింగి 1,000 మీటర్లకు అటూ ఇటూ. తూర్పు కనుమల్లో ఎత్తయిన శిఖరాలుగా చెప్పే అర్మకొండ, జిందగడ కూడా 1,700 మీటర్లకు లోపే. కాశ్మీరు సరస్సుల నడక ముగిసే నారానాగ్ గ్రామం, ఆ దారి మొత్తానికీ అన్నిటికన్నా పల్లపు చోటు, మన ఎత్తయిన కొండ నెత్తి కన్నా పైన ఉంటుంది. తిరుమల మెట్లు గంటన్నరలో ఎక్కగలిగినవారు, అనంతగిరి అడవుల్లో రోజంతా అలుపెరగక నడిచేవారు కూడా అక్కడికి కొత్తవారే. కాళ్ళ బలం, ఊపిరి సాధన తప్పకుండా అవసరం. కానీ అవి ఎత్తుకు శరీరాన్ని అలవాటు చేయలేవు. ఆ అలవాటు కేవలం కాలం వల్ల కలుగుతుంది.

నేను ముప్పయ్యేళ్ళు భౌతికశాస్త్రం బోధించిన ఉపాధ్యాయినిని కనుక ఒక్క మాట వివరంగా చెప్పనివ్వండి. కొండమీద గాలిలో ప్రాణవాయువు శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. అక్కడా అది 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. కాకినాడ తీరంలో 760 మిల్లీమీటర్లు ఉండే పాదరస మట్టం 4,000 మీటర్ల ఎత్తున 460 దగ్గరకు పడిపోతుంది. అంటే ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు ఇక్కడ అందే దానిలో అరవై శాతం. శరీరం మొదట వేగంగా ఊపిరి తీసి ఆ లోటు పూడ్చుకోవాలని చూస్తుంది. అలా వేగంగా ఊపిరి తీసినప్పుడు రక్తంలో ఆమ్ల క్షార సమతుల్యం మారుతుంది, దానిని మూత్రపిండాలు సరిదిద్దడానికి కొన్ని రోజులు పడుతుంది. నిద్రలో శ్వాస మందగిస్తుంది కనుక ఆ లోటు రాత్రిళ్ళు మరింత ఎక్కువగా ఉంటుంది. పగలు పైకెక్కినా రాత్రికి కిందికి దిగి పడుకోమని కొండలు ఎరిగినవారు చెప్పేది ఇందుకే. శరీరం ఇలా సర్దుకోవడానికి రెండు మూడు రోజులు ఇవ్వకపోతే తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి. వాటిని లెక్కచేయక ఇంకా పైకి పోతే కొందరికి ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరుతుంది. ఆ రెండూ ప్రాణాంతకాలు.

ఇదంతా నేను పుస్తకం చదివి తెలుసుకుని కొండకు వెళ్ళలేదు. 2022 ఆగస్టులో మా అమ్మాయి, మా చెల్లెలి కొడుకు, నేను కలిసి ఒక నిర్వాహక సంస్థ ద్వారా ఈ నడకకే వెళ్ళాము. అసలు పట్టికలో విశన్‌సర్ దగ్గర ఒక రోజు విశ్రాంతి ఉండేదట. ఉద్యోగాలు చేసుకునేవారికి శనివారం బయలుదేరి మరుసటి ఆదివారానికి ఇల్లు చేరే వీలు కల్పించడానికి ఆ రోజును తీసేశారు. మాకది లాభంగానే తోచింది, ఒక రోజు సెలవు మిగిలిందని సంబరపడ్డాము కూడా. మా చెల్లెలి కొడుకుకు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు, రోజూ వ్యాయామం చేస్తాడు, ఇరవై కిలోమీటర్ల పరుగు పందేలు పూర్తి చేసినవాడు. బృందంలో అందరికన్నా ముందు నడిచింది వాడే. నిచ్‌నయిలో టెంటు వేసిన సాయంత్రం వాడు అన్నం ముట్టలేదు. అడిగితే, "తలనొప్పేగా పెద్దమ్మా, పడుకుంటే పోతుంది" అన్నాడు. నేను కూడా మాత్ర ఇచ్చి ఊరుకున్నాను. అలా ఊరుకున్నందుకు ఈనాటికీ నా మనసు బాధపడుతూనే ఉంది.

మరునాడు వాడు కనుమ దాటాడు కానీ వెనకబడి చివరగా వచ్చినవారిలో ఒకడయ్యాడు. విశన్‌సర్ చేరేసరికి వాంతులు మొదలయ్యాయి. రాత్రంతా కూర్చునే ఉన్నాడు. తెల్లవారి టెంటులోంచి లేచి నిలబడితే తూలాడు. రక్తంలో ప్రాణవాయువును కొలవడానికి వేలికి తగిలించే చిన్న యంత్రంలో అంకె చూసి, కొంచెం తక్కువగా ఉందని, గడ్‌సర్ కనుమ దాటితే దిగుడేనని మా బృందం నడిపే కుర్రవాడు చెప్పాడు. అతడిని నేను తప్పుపట్టను. అతనికి ఇచ్చిన పట్టికలో ఆగడానికి రోజు లేదు. ఆగితే తక్కిన పదకొండు మందికి తిండి, టెంట్లు ముందు మజిలీలో ఉన్నాయి. మా సామాను మోసే గుర్రాలతో వచ్చిన పెద్దాయన మాత్రం అబ్బాయి పెదవులను, గోళ్ళను చూశాడు, నేలమీద ఒక గీత గీసి దానిమీద పాదం ముందు పాదం పెట్టి నడవమన్నాడు. వాడు నాలుగు అడుగులు కూడా సరిగా వేయలేకపోయాడు. ఆ పెద్దాయన ఇక ఎవరినీ అడగకుండా గుర్రానికి జీను బిగించాడు.

ఇక్కడే ఆ వ్యాసకర్త గమనించవలసిన అసలు విషయం ఉంది. ఎత్తు వల్ల వచ్చిన జబ్బుకు మొదటి మందు దిగడమే. సాధారణమైన కొండదారిలో వెనక్కి తిరిగితే ప్రతి అడుగూ కిందికే పోతుంది. సరస్సుల నడకలో అలా కాదు. ఈ సరస్సులన్నీ ఎత్తైన గట్ల మధ్య గిన్నెల్లాంటి పల్లాల్లో ఉంటాయి. విశన్‌సర్ 3,700 మీటర్ల చోట ఉంటే, వెనక నిచ్‌నయి కనుమ, ముందు దాదాపు 4,200 మీటర్ల గడ్‌సర్ కనుమ ఉన్నాయి. నీరు పారే వాలు వెంట దిగుదామంటే అది జనం లేని లోయల్లోంచి గురేజ్ సరిహద్దు వైపు పోతుంది. కాబట్టి దిగాలన్నా ముందు ఎక్కాలి. ఊపిరి అందని మనిషిని ఇంకా పలుచని గాలిలోకి తీసుకుపోయి, అక్కడి నుంచి దించాలి. మేము ఆ ఉదయం చేసింది అదే. నిచ్‌నయి కనుమ మీద ఉన్న అరగంటను నేను వర్ణించలేను. సాయంత్రానికి సోనామార్గ్ దగ్గరకు దిగాక వాడు టీ అడిగాడు, రాత్రికి అన్నం తిన్నాడు. శ్రీనగర్‌లో వైద్యులు పరీక్షించి, సమయానికి దించారని చెప్పారు. ముందుకు సాగి ఉంటే ఏమయ్యేదని నేను అడగలేదు.

ఇది ఒక్క కాశ్మీరు సంగతి కాదు. రోడ్లు, సొరంగాలు బాగుపడినకొద్దీ మనం మరింత తొందరగా మరింత ఎత్తుకు చేరుతున్నాం. 2020 అక్టోబరులో హిమాచల్ ప్రదేశ్‌లోని రోహ్‌తాంగ్ కనుమ కింద 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరుచుకున్నాక, సుమారు 2,000 మీటర్ల మనాలీలో ఉదయం ఫలహారం చేసినవారు సాయంత్రానికి 4,250 మీటర్ల చంద్రతాల్ సరస్సు దగ్గర టెంటులో ఉండగలుగుతున్నారు. సిక్కింలో 2,700 మీటర్లకు కాస్త పైన ఉన్న లాచెన్‌లో పడుకుని, తెల్లవారుజామున జీపెక్కి 5,000 మీటర్లు దాటిన గురుదోంగ్‌మార్ సరస్సును మధ్యాహ్నంలోపు చూసి రావడం అక్కడి మామూలు పర్యటన. అక్కడ కనీసం మధ్యాహ్నానికి తిరిగి దిగిపోతారు. రాత్రి ఉండిపోయే చోట్లు అంతకన్నా కష్టం. 2023 జూలైలో అకాల హిమపాతం వల్ల చంద్రతాల్ క్యాంపుల్లో సుమారు 300 మంది కొన్ని రోజులు చిక్కుకుపోయి, మంచు తొలగించాక గానీ బయటపడలేకపోయారు. సెలవులను గంటలతో సహా లెక్కవేసుకుని వచ్చినవారికి కొండ అలాంటి గడువులేమీ ఇవ్వదు.

రెండేళ్ళ తరువాత, 2024 ఆగస్టులో, నేను మళ్ళీ వెళ్ళాను. ఇంట్లో అందరూ వద్దన్నారు, ముఖ్యంగా మా చెల్లెలు. ఈసారి సోనామార్గ్ వైపు కాక నారానాగ్ వైపు నుంచి వెళ్ళి, గంగాబల్, నుంద్‌కోల్ సరస్సులు మాత్రమే చూసి అదే దారిన తిరిగి వచ్చాము. శ్రీనగర్‌లో రెండు రాత్రులు, నారానాగ్‌లో ఒక రాత్రి, పైన ట్రుంకోల్ పచ్చికలో రెండు రాత్రులు ఉండి, ఆ తరువాతే సరస్సు ఒడ్డుకు చేరాము. మామూలుగా ఒక్క పగటిలో ఎక్కించే దూరమది. కానీ ఈ దారిలో మధ్య కనుమ ఏదీ లేదు, ఎవరికి ఏ రాత్రి తేడా చేసినా వెనక్కి వేసిన ప్రతి అడుగూ కిందికే. మొదటిసారి కొండ సరస్సు చూడాలనుకునే మనవారికి నేను ఈ చిన్న నడకనే సూచిస్తాను.

పైగా తీరిగ్గా వెళ్ళినవారికి కనబడేది వేరు. నారానాగ్‌లో ఆగిన రోజున, 8వ శతాబ్దానికి చెందిన కాశ్మీరు రాజు లలితాదిత్యుని కాలం నాటివని చెప్పే శిథిలాలయాల మధ్య, నిండుగా ఊరే నీటిబుగ్గ పక్కన మధ్యాహ్నమంతా కూర్చున్నాము. అక్కడ ఆగకుండా ఎక్కేవాళ్ళమైతే వాటిని జీపు అద్దంలోంచి చూసి ఉండేవాళ్ళం. ట్రుంకోల్‌లో రెండవ రోజు పశువులు మేపుకునే ఒక గుజ్జరు కుటుంబం తమ మట్టికప్పు ఇంట్లో మాకు ఉప్పు టీ, మొక్కజొన్న రొట్టె పెట్టింది. ఆ ఇంటామె మాటల్లో ఒక సంగతి తెలిసింది. గొర్రెలమందలతో జమ్మూ పల్లపు కొండల నుంచి బయలుదేరే బకర్వాల్‌లు వసంతంలో నడక మొదలుపెట్టి, మజిలీ మజిలీకీ ఆగుతూ, పచ్చిక పైకి పెరిగినకొద్దీ తామూ పైకి జరుగుతూ, వారాల తరబడి నడిచి ఈ ఎత్తుకు చేరతారు. కొండల్లోనే పుట్టి పెరిగినవారు, వారి గొర్రెలు కూడా అంత నిదానంగా ఎక్కే కొండను, సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన మనం మూడు రోజుల్లో ఎక్కాలనుకుంటున్నాం.

గంగాబల్ గురించి కూడా నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను. 5,142 మీటర్ల హరముఖ శిఖరం తన హిమానీనదాన్ని కిందికి జార్చి, రెండు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ నీటిని ఒడిలో పెట్టుకున్నట్టు ఉంటుంది. కాశ్మీరీ పండితులు తమవారి అస్థికలను ఇక్కడ కలిపేవారు, వారికిది గంగతో సమానం. గంగాబల్‌లోంచి పొంగిన నీరు కాలువగా పక్కనున్న నుంద్‌కోల్‌లోకి దిగి, అక్కడి నుంచి వాంగత్ వాగుగా పారి, జీలం ఉపనది అయిన సింధ్‌లో కలుస్తుంది (ఇది సింధు నది కాదు). పొద్దున శిఖరం నీడ నీటిమీద ముదురు నీలంగా ఉండి, ఎండ ఎక్కినకొద్దీ ఆకుపచ్చగా మారి, మధ్యాహ్నం మేఘాలు రాగానే సీసపు రంగులోకి తిరిగింది. ఒక పగలంతా కదలకుండా కూర్చుంటే గానీ ఈ మార్పు కనబడదు. ఆ రోజు ఉదయం పదింటికి వచ్చిన ఒక బృందం ఫోటోలు తీసుకుని పదకొండింటికి వెళ్ళిపోయింది. వారిలో ఇద్దరు తల పట్టుకుని రాళ్ళమీద కూర్చున్నారు, సరస్సు వైపు చూడనే లేదు. అన్ని వేలు ఖర్చుపెట్టి, అంత దూరం వచ్చి, ఆ పిల్లలు చూసింది తమ తలనొప్పిని మాత్రమే. నాకు మా చెల్లెలి కొడుకు గుర్తొచ్చాడు.

కాబట్టి నా విన్నపం ముందుగా మీకే. ఇకపై మీ పత్రికలో హిమాలయ సరస్సుల గురించి ఏ వ్యాసం వచ్చినా, ప్రతి రాత్రి నిద్రించే చోటు ఎత్తు ఎంతో, ఎక్కడ విశ్రాంతి రోజు ఉందో, జబ్బు చేస్తే ఆ చోటి నుంచి కిందికి దారి ఎటు ఉందో తప్పక ప్రచురించండి. ఖర్చు వివరాలకు ఇచ్చినంత చోటు చాలు. తలనొప్పితో పాటు అన్నం సహించకపోతే ఆ రోజుకు పైకి కదలకూడదని, నడక తూలితే, మాట తడబడితే, కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే రాత్రయినా సరే దించాలని రెండు వాక్యాలు చేర్చండి. ఎత్తుకు అలవాటు పడేందుకు వాడే అసిటజోలమైడ్ మాత్రలను స్నేహితుల మాట మీద కాక, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివారు, వైద్యుని అడిగే వాడాలని కూడా రాయండి. ఆ మాత్ర అలవాటు పడడానికి తోడ్పడుతుందే గానీ విశ్రాంతి రోజుకు బదులు కాదు.

నిర్వాహకులకు కూడా మీ పత్రిక ద్వారా ఒక మాట. విశ్రాంతి రోజును అదనపు సౌకర్యంలా, డబ్బు తగ్గించడానికి తీసేయదగిన అంశంలా చూపకండి. శనివారం నుంచి ఆదివారం దాకా ఉన్న తొమ్మిది రోజుల్లో నడక పట్టకపోతే, దానిని కుదించకుండా చిన్న నడకను చూపించండి. మీరు చెబితే పిల్లలు వింటారు, వారికి కావలసింది సరస్సే గానీ సరస్సుల సంఖ్య కాదు.

తల్లిదండ్రులను నేను కోరేది ఒక్కటే. స్వెట్టర్లు, బూట్లు కొనిపెట్టేటప్పుడు ఆ ప్రయాణ పట్టికను కూడా అడిగి చూడండి, రెండవ రాత్రి, మూడవ రాత్రి పక్కన ఎన్ని మీటర్లని రాసి ఉందో చదవండి. అక్కడ ఆ అంకె లేకపోతే నిర్వాహకులకు ఫోన్ చేసి అడగండి. మా ఇంట్లో ఎవరమూ అడగలేదు. మా చెల్లెలి కొడుకు ఈ జూలైలో మళ్ళీ విశన్‌సర్‌కు వెళ్తానంటున్నాడు. పట్టిక వాడే తయారు చేసుకున్నాడు, నిచ్‌నయిలో రెండు రాత్రులు, విశన్‌సర్‌లో రెండు రాత్రులు అని రాసి నాకు చూపించాడు. ఈసారి వాళ్ళ అమ్మ కూడా సరేనంది.

ఇట్లు,
మీ చిరకాల పాఠకురాలు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని,
కాకినాడ.